తడవని నుదురు

గంట తాడు లాగుతూ లాగుతూ జేబెజ్ లస్కూమ్ లెక్క తప్పాడు. ఉదయ ప్రార్థనకి ఇరవై కొట్టాలి. పద్నాలుగయ్యాయో పదిహేనయ్యాయో తెలియలేదు. తక్కువ కావడం కంటే ఎక్కువ కావడమే నయమనుకుని ఇంకో పది లాగేసి, తాడు మేకుకి తగిలించాడు.

పొట్టి మనిషి, యాభై ఎనిమిదేళ్లవాడు. ఇరవై ఏడేళ్లుగా తాడు జారి జారి అరచేతుల్లో గీతలు చెరిగిపోయాయి. కుడిచేతి బొటనవేలు మాత్రం బూట్లు కుట్టే దారం మైనం పట్టి నల్లగా, కొమ్ములా గట్టిపడింది. హోల్‌కూమ్ ఊళ్లో బూట్లు బాగుచేయడం, చర్చి ఊడవడం, గంట కొట్టడం, ఎవరైనా పోతే గొయ్యి తవ్వడం, ఇంతే అతని బతుకు. వీధిలో ఎదురైతే ఎవరూ రెండోసారి చూడరు.

కానీ గొంతు? అబ్బో, ఆ గొంతు వేరే మనిషిది! పాతరోజుల్లో పాదిరి ప్రార్థన చదివితే జనం తరఫున ఆమెన్ చెప్పడం చర్చి క్లర్కు పని. జనం పాటికి జనం కునుకు తీసేవారు, గొర్రెల ధరలు మాట్లాడుకునేవారు. ప్రసంగ పీఠం కింద చెక్క గూట్లో కూర్చుని జేబెజ్ ఒక్కడే ఊరందరి ఆమెన్ చెప్పేవాడు, కిటికీ అద్దాలు గిలగిల్లాడేలా.

రెండేళ్ల కిందట ఆక్స్‌ఫర్డ్ నుంచి లిడియార్డ్ పాదిరి వచ్చాడు. ఆయనతో కొత్తగాలి వచ్చింది. కొత్తదంటే నిజానికి పాతదేనట, మన చర్చి వెయ్యేళ్ల కిందట ఎలా ఉండేదో మళ్లీ అలా ఉండాలట. రోజూ రెండు పూటలా ప్రార్థన. బల్లమీద కొవ్వొత్తులు. శుక్రవారం ఉపవాసం. పోపంటేనే గిట్టని ఆ ఊళ్లో సగంమంది ఆయన్ని ‘పోపు గారి అల్లుడు’ అనడం మొదలుపెట్టారు, మిగతా సగం ఆయన వెనకాల మోకరించడం మొదలుపెట్టారు. జనం ఆమెన్ జనమే చెప్పుకోవాలని చెప్పి, పోయిన అక్టోబరులో జేబెజ్ గూటిని రంపంతో కోయించేశాడు. ఊరంతా జేబెజ్ మీద జాలిపడింది. ఆ జాలి అతనికి హాయిగానే ఉండేది. తనను తినేస్తున్నది వేరే ఉందని ఎవరికీ తెలియదు కదా.

ప్రార్థనకి నలుగురొచ్చారు. అయిపోయాక డార్కస్ యో గుమ్మం దగ్గర శాలువా సర్దుకుంటూ అతన్ని పట్టుకుంది. రొట్టెల కొట్టు ఆవిడ, నోరు ఊరుకోదు.

“ఏం బాబాయ్, ఇవాళ గంట ఆపలేదేంటి? పోపు గానీ వస్తున్నాడా?”

“వస్తే మీ ఇంటికే భోజనానికి పంపిస్తాలే.”

“పంపు, శుక్రవారం పంపు. మన అయ్యగారిలాగా ఎండుచేప ముక్క నాకి లేచిపోతాడు, నాకేం పోయింది!” పకపకా నవ్వి, నవ్వుతూనే గొంతు తగ్గించింది. “టామ్‌సిన్ అక్క కూతురు రోడా సంగతి విన్నావా? తెల్లవార్లూ దగ్గేనట. గుడ్డ గుడ్డంతా రక్తం. ఇవాళో రేపో అన్నాడట డాక్టరు.”

జేబెజ్ చీపురు మీద బరువు వేసి నిలబడ్డాడు.

“టామ్‌సిన్ అక్కేమో మళ్లీ ఆ పాత పాటే. ‘నా పిల్ల బాప్తిస్మం రోజు ఏడవలేదు. ఏడిస్తే దయ్యం బయటికి పోయేది. పోలేదు కాబట్టే లోపల కూర్చుని ఊపిరితిత్తులు తింటోంది’ అంటుంది. అప్పుడు నువ్వు పక్కనే ఉన్నావుగా బాబాయ్. ఏడ్చింది, నేను విన్నానని ఒక్క మాట అనరాదూ? అబద్ధమైతే అయింది, పుణ్యమొస్తుంది.”

“ఆఁ, చూస్తా,” అన్నాడు జేబెజ్. ఆమె వెళ్లిపోయాక ఊడ్చిన చోటే మళ్లీ ఊడవడం మొదలుపెట్టాడు.

పిల్ల ఎందుకు ఏడవలేదో ప్రపంచంలో తెలిసినవాడు అతనొక్కడే.

ఇరవై ఆరేళ్ల కిందటి జనవరి అది. శనివారం సాయంత్రం ఊరి మగాళ్లందరూ ఆపిల్ తోటల్లోకి వెళ్లారు, ఏటా వెళ్లినట్టే. చెట్ల మొదళ్లకి సైడర్ అనే ఆపిల్ కల్లు పోసి, నానబెట్టిన రొట్టె ముక్కలు కొమ్మలకి తగిలించి, బాగా కాయవే తల్లీ అని పాడతారు. చెట్లు తాగినదానికంటే జేబెజ్ తాగిందే ఎక్కువ. ముప్పై రెండేళ్ల కుర్రతనం, చర్చి క్లర్కు ఉద్యోగం కొత్త, గొంతు బాగుందని అందరూ పాడించడం, పాడినప్పుడల్లా ఒక చెంబు. ఆదివారం లేచేసరికి తల గానుగలో పెట్టినట్టుంది. పంపు గడ్డకట్టుకుపోయింది. నీళ్లు తర్వాత చూద్దాంలే అనుకున్నాడు. ఆ ‘తర్వాత’ రాలేదు.

ఆ రోజుల్లో బాప్తిస్మపు రాతి తొట్టిలో చీపుర్లూ, విరిగిన కొవ్వొత్తులూ పడేసి ఉండేవి. వాటి మీద అంబలి గిన్నెంత పింగాణీ గిన్నె ఒకటి పెట్టేవారు. అందులో రెండు గరిటెల నీళ్లు పోయడం, అంతే క్లర్కు పని. ముసలి ఫర్స్‌డన్ పాదిరికి కళ్లకి పొరలు. టామ్‌సిన్ హన్నఫర్డ్ చేతుల్లోంచి బిడ్డని తీసుకున్నాడు, గిన్నెలో వేళ్లు పెట్టాడు. జేబెజ్ రెండడుగుల దూరంలో నిలబడి చూశాడు. గిన్నె అడుగున దుమ్ము, ఒక చచ్చిన ఈగ. చుక్క నీళ్లు లేవు. చలికి పాదిరిగారి వేళ్లు ఎలాగూ మొద్దుబారి ఉన్నాయి, ఆయనకేం తెలుస్తుంది? మూడుసార్లు వేళ్లు ముంచాడు. మూడుసార్లు పొడి వేళ్లు బిడ్డ నుదుటి మీద ఆడించాడు. తండ్రి నామమున, కుమారుని నామమున. ‘ఆగండయ్యగారూ’ అని ఒక్క మాట చాలు. ఎదురుగా ఊరంతా ఉంది, ముందు వరసలో జమీందారు కుటుంబం ఉంది. జేబెజ్ నోరు తెరిచాడు.

“ఆమెన్!” అన్నాడు. అంత గట్టిగా ముందెప్పుడూ అనలేదు.

తర్వాత టామ్‌సిన్ వాళ్లింట్లో కేకు పెట్టారు. తిన్నాడు కూడా. ఏడవలేదేంటన్నా నా పిల్ల అని ఆమె అడిగితే, మంచిపిల్లమ్మా, నెమ్మదస్తురాలు అని బుగ్గ గిల్లాడు. ఫర్స్‌డన్ పాదిరి ఉన్నన్నాళ్లూ ఆ సంగతి పెద్దగా బాధించలేదు. ఆయన లెక్కలో బాప్తిస్మమంటే పేరు పెట్టడం, పుస్తకంలో రాయడం, కేకు తినడం. అందరి లెక్కా అదే. రోడాకి మొదటి బూట్లు తనే కుట్టిచ్చాడు. ఆ పిల్ల పెద్దదై చేతిజోళ్లు కుట్టే పనికి చేరింది, చర్చిలో మోకరించి రొట్టె, ద్రాక్షరసం పుచ్చుకుంది. జేబెజ్ హాయిగా నిద్రపోయాడు.

ఈ కొత్త పాదిరి వచ్చి తొట్టిలో చీపుర్లు తీయించి, రాయి తోమించి, అంచుదాకా నీళ్లు నింపమన్నాడు. పింగాణీ గిన్నె చూసి ఆయన మొహం ఎర్రబడింది. ఆ ఎరుపు చూసిన రోజు నుంచీ జేబెజ్‌కి నిద్ర కరువైంది. మొన్న ఆదివారమైతే పీఠం మీంచి సూటిగా చెప్పాడు: “నీళ్లూ, ఆ మాటలూ. రెండూ ఉంటే ఆ బిడ్డ దేవుడి బిడ్డ. ఏ ఒక్కటి లేకపోయినా, బిడ్డ మొహం మీద చెయ్యి ఆడిన గాలి తప్ప ఏమీ జరగనట్టే.”

చీపురు గోడకి ఆనించి జేబెజ్ పాదిరిగారి గదిలోకి వెళ్లాడు. లిడియార్డ్ పాదిరి సంచీలో కాగితాలు కుక్కుకుంటున్నాడు. సన్నటి మనిషి, ముప్పై నిండలేదు, బూట్ల మడమలు అరిగిపోయాయని ఆయనకే తెలియదు.

“ఎక్సెటర్ బండి అందుకోవాలి లస్కూమ్! అక్కడ పాదిరులందరం కలుస్తున్నాం. లండన్‌లో జడ్జీల తీర్పు విన్నావా? బాప్తిస్మంలో నిజంగా ఏమైనా జరుగుతుందో లేదో ఎవరిష్టం వాళ్లు నమ్ముకోవచ్చట! జడ్జీలు! కోర్టులో కూర్చుని దేవుడి పని కొలుస్తున్నారు!”

ఒక్క క్షణం జేబెజ్ గుండె తేలికైంది. జడ్జీలే అన్నారట, అంత పెద్దవాళ్లు. అయినా గుండె మళ్లీ బరువెక్కింది, ఎందుకో అతనికే తెలియలేదు.

“అయ్యగారూ... అసలు నీళ్లే పోయకుండా బాప్తిస్మం చేసేస్తే?”

“అది బాప్తిస్మమే కాదు.”

“బిడ్డ తప్పేం లేదు కదండీ.”

“బిడ్డ తప్పెందుకవుతుంది? నీళ్లు పెట్టనివాడి తప్పు.” కాగితాలు సర్దుతున్న చేతులు ఆగాయి. ఆయన తలెత్తి చూశాడు. “ఎందుకడిగావు? ఎక్కడైనా జరిగిందా?”

ఇదే సమయం. నోరు తెరిచాడు. ఇరవై ఆరేళ్ల కిందటి నోరే అది.

“మన ఊళ్లో కాదండీ. అదీ... కొండవతల ఊళ్లో, ఎవరో అనుకుంటుంటేనూ.”

“అక్కడి పాదిరికి చెప్పమను. మనిషి చావుబతుకుల్లో ఉంటే పాదిరి కోసం కూడా ఆగక్కర్లేదు. ఎవరైనా నీళ్లు పోసి ఆ మాటలు చెప్పొచ్చు, చెప్పులు కుట్టేవాడైనా సరే.” వెంటనే నాలిక కరుచుకున్నాడు. “నిన్నని కాదు లస్కూమ్.”

“ఫరవాలేదండీ.”

బండి బూర వినిపించింది. పాదిరి పరిగెత్తాడు. రేపు సాయంత్రందాకా రాడు.

జేబెజ్ ఇంటికెళ్లి బల్లముందు కూర్చున్నాడు. ఒక రైతు బూటు అడుగు ఊడింది, మేకులు కొట్టాలి. నాలుగు కొట్టాడు, ఐదోది వంకరపోయింది. ఏం చెప్తాడు? ‘అమ్మా టామ్‌సిన్, నేను తాగి పడుకున్నాను, నీ కూతురు క్రైస్తవురాలే కాదు’ అనా? చచ్చిపోతున్న పిల్ల దగ్గరకెళ్లా? చెప్పకపోతే ఎవరికి తెలుస్తుంది? దేవుడు అంత చిన్నదానికి పిల్లని పట్టుకుంటాడా? ఊరుకుంటే సరిపోతుంది. ఇన్నాళ్లూ ఊరుకోలేదూ?

బూటు పక్కన పడేసి బయటికి నడిచాడు. కాళ్లు అలవాటుగా చర్చి తోటలోకే తీసుకెళ్లాయి. ఉత్తరం గోడ పక్కన నీడలో చిన్న చిన్న మిట్టలున్నాయి, రాయి లేదు, పేరు లేదు. బాప్తిస్మం కాకుండా పోయిన పిల్లలవి. అన్నీ అతను తవ్వినవే. ప్రార్థన చదవరు, గంట కొట్టరు, రూలు. ఒకసారి ఒక గొర్రెలకాపరి సబ్బుపెట్టె చంకలో పెట్టుకుని వచ్చాడు, వెనకాల పెళ్లాం. ఒక్క వాక్యమైనా చదవరా అని ఆమె జేబెజ్‌నే అడిగింది, పాదిరిని కాదు. చదవకూడదమ్మా, మీరు ముందే తీసుకురావలసింది అన్నాడు. ఆ గొంతుతోనే, ఊరంతా మెచ్చుకునే గొంతుతోనే అన్నాడు. ఆమె ఇంకేం అడగలేదు.

అక్కడ నిలబడితే చెవులు మండాయి. టోపీ తీసి మళ్లీ పెట్టుకున్నాడు. టామ్‌సిన్ ఇంటి దారిలో వంతెన మీద ఒకసారి వెనక్కి తిరిగి కూడా, మళ్లీ ముందుకే నడిచాడు.

టామ్‌సిన్ ఇంట్లో మంచం పొయ్యి దగ్గరికి జరిపారు. రోడా మూడు దిళ్లకి ఆనుకుని కూర్చుంది, పడుకుంటే ఊపిరాడదు. మొహం కొవ్వొత్తిలా ఉంది, బుగ్గలు మాత్రం ఎవరో గిల్లినట్టు ఎర్రగా. అప్పటికీ ఒళ్లో ఒక చేతిజోడు ఉంది, బొటనవేలు కుట్టడం మిగిలింది.

“రా అన్నా,” అంది టామ్‌సిన్. కళ్లకింద నల్లటి చారలు. “డార్కస్ చెప్పింది, నువ్వేదో చెప్పడానికి వస్తావని. పిల్ల ఏడ్చిందటగా ఆ రోజు?”

“రా మావయ్యా, చెప్పు. మా అమ్మ ప్రాణం కుదుటపడుతుంది,” అంది రోడా, నవ్వబోయి దగ్గుతూ. “పాతికేళ్లుగా నాలో దయ్యముందని తిడుతోంది, పనిచేసే దయ్యం కాబట్టి ఇంట్లో ఉంచుకుంది.”

అబద్ధం నాలిక చివరనే ఉంది. తియ్యగా, సిద్ధంగా.

“ఏడవలేదు,” అన్నాడు జేబెజ్. “ఏడవడానికి నీళ్లు తగల్లేదు.”

తర్వాత మాటలు వరసగా రాలేదు. పంపు ముందు చెప్పాడు, సైడర్ తర్వాత చెప్పాడు, ఈగ సంగతి కూడా చెప్పాడు, అది ఎందుకో. చెప్తున్నంతసేపూ నేలకేసే చూశాడు. ఆ పెద్ద గొంతు ఎక్కడికి పోయిందో, పొయ్యిలో కట్టె చప్పుడుకే మాట వినపడడం లేదు.

టామ్‌సిన్ కూర్చున్నచోటు నుంచి లేవలేదు.

“కేకు తిన్నావు,” అంది. “ఆ రోజు. రెండో ముక్క నువ్వే అడిగావు.”

“అడిగాను.”

“నా తలుపు తట్టినప్పుడల్లా నీకు తెలుసు. నేను అడిగినప్పుడల్లా తెలుసు. నా తప్పేమోనని, కడుపుతో ఉన్నప్పుడు ఏం చూశానో, ఏం తిన్నానోనని నేను మోకాళ్లు అరిగేలా ఏడుస్తుంటే, నువ్వు పక్కన కూర్చుని ఊరుకోమ్మా ఊరుకో అన్నావు. మనిషివేనా నువ్వు?”

జేబెజ్ టోపీ తీశాడు.

“అమ్మా,” అంది రోడా. చాలాసేపు ఊపిరి కూడదీసుకుంది. “మావయ్యా, అయితే ఇన్నాళ్లూ నేనెవర్ని?”

ఆ ప్రశ్నకి అతను సిద్ధపడి రాలేదు. లిడియార్డ్ పాదిరి దగ్గరైతే పుస్తకాల్లో జవాబుండేది. జేబెజ్ తల అడ్డంగా ఊపాడు.

“నాకు తెలీదమ్మా. ఇప్పుడు పోయొచ్చని మాత్రం తెలుసు. అయ్యగారు ఊళ్లో లేరు. ఎవరైనా పోయొచ్చట. నేను కూడా.”

“నువ్వా!” అంది టామ్‌సిన్.

“వేరేవాళ్లని పిలుస్తానంటే నేను వెళ్లిపోతా. డార్కస్‌ని పంపిస్తా.”

“వద్దు,” అంది రోడా. “ఆవిడ వస్తే సాయంత్రానికి ఊరంతా పాకుతుంది. మావయ్యే పోస్తాడు. కానీ వేడి చేసి పొయ్యండి. చన్నీళ్లు పడితే దగ్గొస్తుంది, దగ్గొస్తే మీ ఇద్దరి మీదా కక్కుతాను.”

టామ్‌సిన్ లేచింది. అతనికేసి చూడకుండానే కెటిల్‌లోంచి నీళ్లు వంచి, కుండలో చన్నీళ్లు కలిపి, పసిపిల్లకి చూసినట్టు మోచేతి మీద చుక్క వేసుకుని చూసింది. పిడి విరిగిన నీలం కప్పులో పోసి అతని చేతికిచ్చింది. ఇచ్చేటప్పుడు తన వేళ్లు అతని వేళ్లకి తగలకుండా చూసుకుంది.

జేబెజ్ మంచం పక్కన నిలబడ్డాడు. బాప్తిస్మం జరిగిందో లేదో అనుమానం ఉన్నవాళ్లకి పాదిరి వాడే మాటలు అతనికి కంఠతా వచ్చు. “రోడా, ఒకవేళ నీకు ఇంతకుముందే బాప్తిస్మం జరగకపోయి ఉంటే...”

“ఒకవేళ ఏంటి మావయ్యా?” అంది రోడా కళ్లు తెరిచి. “నువ్వు చూశావుగా.”

చెంప మీద కొట్టినట్టయింది.

“చూశాను,” అన్నాడు. మళ్లీ మొదలుపెట్టాడు, ఆ ‘ఒకవేళ’ తీసేసి. తండ్రి నామమున. కుమారుని నామమున. పరిశుద్ధాత్మ నామమున. మూడుసార్లు నల్లటి బొటనవేలి పక్క నుంచి నీళ్లు కారి ఆమె నుదుటి మీద పడ్డాయి, కనుబొమల మీదుగా దిగి, చెవి దగ్గర జుట్టులోకి ఇంకాయి. రోడా ఏడవలేదు. ‘వెచ్చగా ఉంది’ అంది. టామ్‌సిన్ తన గౌను అంచుతో తుడవబోయి, తుడవచ్చో లేదో తెలియక చెయ్యి వెనక్కి తీసుకుంది.

వెళ్లమని టామ్‌సిన్ అనలేదు, కూర్చోమనీ అనలేదు. అతను తలుపు పక్కన ముక్కాలిపీట అంచు మీద కూర్చున్నాడు. రోడా చేతిజోడు అందుకుని నాలుగు కుట్లు వేసింది, సూది గుడ్డలో గుచ్చి పక్కన పెట్టింది. కిటికీ అవతల గొర్రెలు కొండ దిగుతున్నాయి. ఇంకా వెలుతురు ఉండగానే, ఒక దగ్గు ఆగాక మరో దగ్గు రాలేదు, ఊపిరీ రాలేదు. తల్లి ముందు గమనించలేదు, పొయ్యిలో కట్టె సర్దుతోంది. గమనించినవాడు జేబెజ్. ఈసారి కూడా ముందు తెలిసింది అతనికే.

“టామ్‌సిన్,” అన్నాడు వెంటనే. “అమ్మా, చూడు.”

ఆమె చూసింది. కూతురి గడ్డం కింద చెయ్యి పెట్టింది, కళ్లు మూసింది, దుప్పటి భుజాలదాకా లాగింది, చలేస్తుందన్నట్టు. తర్వాత అతనివైపు తిరగకుండానే అడిగింది:

“ఫర్స్‌డన్ పాదిరి కళ్లు కనపడకుండా ఎన్నేళ్లు చేశాడు?”

“పదకొండు.”

“ఆ పదకొండేళ్లూ గిన్నెలో నీళ్లు పెట్టింది నువ్వేగా. నా పిల్ల ఒక్కతేనా?”

జేబెజ్ లేచి నిలబడ్డాడు. టోపీ రెండు చేతుల్లో నలుగుతోంది.

“నాకు గుర్తున్నంతవరకు,” అన్నాడు.

“గుర్తున్నంతవరకు,” అంది ఆమె.

“రేపు అయ్యగారు రాగానే చెప్పేస్తాను. అంతా. చర్చిలో అందరిముందూ చెప్పమన్నా చెప్తాను.”

“చెప్పుకో. నా గుమ్మం మాత్రం తొక్కకు.”

అతను తలుపు చప్పుడు కాకుండా వేసి వెళ్లిపోయాడు. అడుగుల చప్పుడు వంతెనదాకా వినిపించి ఆగింది. టామ్‌సిన్ ఇల్లు సర్దింది. రక్తం గుడ్డలు బకెట్లో వేసింది, దిళ్లు రెండు తీసేసింది, బూడిద ఎత్తింది. కప్పు దగ్గరకొచ్చి ఆగిపోయింది. అడుగున ఇంకా గుక్కెడు నీళ్లున్నాయి. బాప్తిస్మం పోసిన నీళ్లు పెరట్లో పారబొయ్యొచ్చో లేదో ఆమెకి తెలియదు, అడగడానికి ఇంట్లో మనిషి లేదు. రెండు చేతులతో తీసుకెళ్లి కిటికీ గట్టు మీద పెట్టింది. పిడి విరిగిన ఆ నీలం కప్పులో నీళ్లు చల్లారుతూ అక్కడే ఉండిపోయాయి.